అడ్వైజర్ స్పెల్లింగ్: ఇ-ఆర్ మేలా, ఓ-ఆర్ మేలా?

రెజ్యూమె దిద్దుకునేవాళ్లు, విజిటింగ్ కార్డు వేయించుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. అడ్వైజర్ చివర ఇ-ఆర్ రాయాలా, ఓ-ఆర్ రాయాలా? మనకి ఈ తికమక రాక తప్పదు, ఎందుకంటే తెలుగులో డ్రైవర్ అన్నా కండక్టర్ అన్నా చివర ఒకటే 'ర్'. ఇంగ్లీషువాళ్ల నోట్లోనూ రెండూ దాదాపు ఒకేలా పలుకుతాయి కాబట్టి చెవిని నమ్ముకుంటే లాభం లేదు.

'లాటిన్ మాటైతే ఓ, ఇంగ్లీషు మాటైతే ఇ' అని చాలామంది చెప్తుంటారు. ఓ-ఆర్ లాటిన్‌దే, నేరుగానో ఫ్రెంచి మీదుగానో వచ్చింది. కానీ ఇ-ఆర్ కూడా ఎప్పుడో లాటిన్ 'ఆరియుస్' నుంచే జర్మానిక్ భాషల్లోకి దిగిందని భాషావేత్తలు సాధారణంగా అంటారు. పైగా స్పెల్లింగ్ రాసేటప్పుడు పుట్టుపూర్వోత్తరాలు ఎవడికి గుర్తుంటాయి?

నా లెక్కలో తేల్చేది ఒక్కటే: ఓ-ఆర్ తీసేసి అక్కడే ఐ-ఓ-ఎన్ పెడితే, ఇంకే అక్షరమూ మారకుండా మాట నిలబడుతుందా? నిలబడితే ఓ-ఆర్, లేకపోతే ఇ-ఆర్. యాక్టర్–యాక్షన్, కలెక్టర్–కలెక్షన్, ఇన్‌స్పెక్టర్–ఇన్‌స్పెక్షన్, ట్రాన్స్‌లేటర్–ట్రాన్స్‌లేషన్. లాటిన్‌లో 'ఆక్త్' అనే క్రియారూపానికి ఒక ప్రత్యయం చేరితే 'ఆక్తోర్', ఇంకోటి చేరితే 'ఆక్తియో', అంటే రెండూ ఒకే కడుపున పుట్టినవి, అందుకే ఒకటి ఉన్నచోట రెండోది కనిపిస్తుంది. ప్రొడ్యూసర్‌కి ప్రొడక్షన్ ఉంది కదా అంటారేమో, అక్కడ 'ప్రొడ్యూస్' కాస్తా 'ప్రొడక్ట్'గా మారిపోయింది, కాబట్టి ఇ-ఆర్. సినిమా టైటిల్స్‌లో డైరెక్టర్‌కి ఓ, ప్రొడ్యూసర్‌కి ఇ ఉండేది ఇందుకే.

తప్పించుకునేవీ ఉన్నాయి. ప్రమోషన్ ఉన్నా ప్రమోటర్‌కి ఇ-ఆరే. గవర్నర్, సర్వైవర్, ఇన్వెస్టర్ ఈ పరీక్షలో ఫెయిలైనా ఓ-ఆర్‌తోనే తిరుగుతాయి. టైలర్, సెయిలర్ బట్టీ పట్టాల్సిందే. రిజిస్ట్రేషన్ కాగితాల్లోని వెండర్ (అమ్మేవాడు), లెస్సర్ (లీజుకిచ్చేవాడు) లాంటివి కోర్టుల వాడుక, ఓ-ఆర్‌తో ఉంటాయి, వాటి జోలికి పోకండి. (పాతకాలపు వీలునామాల్లో ఎగ్జిక్యూటర్ ఆడమనిషైతే ఎగ్జిక్యూట్రిక్స్ అని రాసేవారు, అదీ లాటినే.)

బెగ్గర్, లయర్ లాంటి ఏ-ఆర్ మాటలు కొన్నే. అకౌంటెంట్, అటెండెంట్‌ల దారి వేరు, వాటితో ఈ పేచీ లేదు.

ఇక అడ్వైజర్. సూపర్‌వైజర్‌కి ఓ ఉంది కదా, దీనికెందుకు వద్దు అని అడుగుతారు. సూపర్‌విజన్ ఉంది, 'అడ్విజన్' లేదు, అంతే. నా ఓటు ఇ-ఆర్‌కే. స్టాక్ మార్కెట్లని అదుపుచేసే సెబీ 2013 నాటి ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల రెగ్యులేషన్స్‌లోనూ ఇ-ఆరే ఉంది. అలాగని ఓ-ఆర్ తప్పు కాదు, డిక్షనరీలు రెండూ ఇస్తాయి, అడ్వైజరీలో ఓ కనిపిస్తుంది కాబట్టి కొందరి చేతికి అదే వస్తుంది. ఆఫర్ లెటర్‌లో మీ హోదా ఓ-ఆర్‌తో ఉంటే కార్డు మీదా అలాగే వేయించండి, హెచ్ఆర్ వాళ్లతో వాదన పెట్టుకోకండి. బ్లాగర్, స్ట్రీమర్ లాగా కొత్తగా మాట పుట్టించాల్సి వస్తే మాత్రం ఆలోచించకుండా ఇ-ఆర్ వేసేయండి.