ఇప్పుడే అయిదు వేల డాలర్లా, మూడు నెలలకోసారా, కోర్టా?

2010 ఏప్రిల్ 20న అమెరికా దక్షిణ తీరాన గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వే రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. చమురు బావికి మూత పడేసరికి 87 రోజులు పట్టింది. ఆ వేసవిలో లూసియానా తీరంలో చాలాచోట్ల చేపలవేట ఆపేశారు. రొయ్యల పడవలవాళ్లూ, ఆయిస్టర్లు (తినే ఆల్చిప్పలు) తీసేవాళ్లూ, బీచ్ హోటళ్లలో గదులు శుభ్రం చేసేవాళ్లూ ఆదాయం పోగొట్టుకున్నారు. ఆ బావి తవ్విస్తున్న బీపీ చమురు కంపెనీ 2000 కోట్ల డాలర్ల నిధికి ఒప్పుకుంది. పరిహారం పంచే పని కెన్నెత్ ఫైన్‌బర్గ్ అనే లాయరుకు అప్పగించారు. కొన్నాళ్లు అత్యవసర సాయం ఇచ్చాక, ఆ ఏడాది చివర్లో బాధితుల ముందు మూడు దారులు పెట్టారు. అవేవీ వద్దంటే కోర్టు.

మొదటిది క్విక్ పేమెంట్. మనిషికి 5,000 డాలర్లు, వ్యాపారానికి 25,000. అత్యవసర సాయం అప్పటికే అందుకున్నవాళ్లు కొత్తగా ఏ కాగితమూ చూపించక్కర్లేదు. మెలికంతా సంతకంలో ఉంది. ఇకమీదట బీపీ మీదగానీ, ప్రమాదంతో సంబంధమున్న మిగతా కంపెనీల మీదగానీ దావా వేయనని రాసివ్వాలి. అద్దె కట్టే తేదీ నెత్తిమీదికొచ్చిన టెన్షన్‌లో సంతకం పెట్టినవాళ్లను నేను తప్పుపట్టను. ఒక్క సీజన్ జీతమే పోయిన హోటల్ ఉద్యోగికి ఇది నిజంగానే చాలు కూడా.

రెండోది ఫైనల్ పేమెంట్. 2010లో రుజువైన నష్టానికి రెట్టింపు, ఆయిస్టర్లవాళ్లకు నాలుగు రెట్లు, అందులోంచి అప్పటిదాకా ఇచ్చింది మినహాయింపు. ఉదాహరణకు 10,000 నష్టం చూపించి, ముందే 6,000 తీసుకున్న వేటగాడికి చేతికొచ్చేది 14,000. ఇక్కడా అదే సంతకం. సముద్రం త్వరగా కోలుకుంటే ఈ లెక్క బాగానే ఉంటుంది.

కోలుకోకపోతే? 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి చమురు ఒలికింది. అక్కడి హెర్రింగ్ చేపల సంఖ్య కుప్పకూలింది 1993లో. కారణం చమురేనా అన్నదానిమీద శాస్త్రవేత్తల్లో వాదన ఉంది. ఏది కారణమైనా వలలు మాత్రం ఖాళీ. మొదటి ఏడాదే ‘ఇక ఏమీ అడగను’ అని రాసిచ్చినవాడు నాలుగో ఏడాది ఎవరి తలుపు తడతాడు?

అందుకే నా ఓటు మూడోదానికి, మధ్యంతర చెల్లింపుకి. జరిగిన నష్టాన్ని మూడు నెలలకోసారి చూపించి డబ్బు తీసుకోవచ్చు, హక్కు వదులుకోనక్కర్లేదు. జాప్యాలు జరిగాయి, తిరస్కరణలూ ఎదురయ్యాయి. అయినా 2012లో కోర్టు పర్యవేక్షణలో బీపీతో పెద్ద రాజీ కుదిరి, వేట మీద బతికేవాళ్లకే 230 కోట్ల డాలర్లు కేటాయించినప్పుడు ఆ తలుపు తెరిచి ఉన్నది సంతకం పెట్టనివాళ్లకే. హక్కులు వదులుకున్నవాళ్లు ఆ నష్టానికి మళ్లీ అడగలేకపోయారు.

నేరుగా కోర్టుకెక్కి చివరిదాకా పోరాడటమంటే అలాస్కా అనుభవమే గుర్తొస్తుంది. ఆ నౌక తాలూకు ఎక్సాన్ కంపెనీకి శిక్షగా జ్యూరీ 1994లో వేసిన 500 కోట్ల డాలర్లు అప్పీళ్లలో తగ్గి, చివరికి 2008లో సుప్రీంకోర్టులో 50.75 కోట్లకు దిగాయి. ప్రమాదం జరిగిన 19 ఏళ్లకు. ఆలోపే ఎందరో వేటగాళ్లు కన్నుమూశారు. ఇల్లు గడవాల్సిన మనిషికి ఒక్క కోర్టునే నమ్ముకోమని చెప్పలేను.

క్విక్ పేమెంట్ తప్ప మిగతా ఏ దారికైనా కాగితాలు కావాలి. లూసియానాలో పట్టిన సరుకు అమ్మిన ప్రతిసారీ ట్రిప్ టికెట్ రాస్తారు. ఏ రకం, ఎంత బరువు, ఏ ధర అన్నీ అందులో ఉంటాయి. అవీ, పాత పన్ను రిటర్నులూ ఉన్నవాడికి బలముంది. చమురు తొలగించే పనికి పడవ తిప్పి సంపాదించింది ఉంటే దాన్ని నష్టంలోంచి తీసేశారు కాబట్టి ఆ లెక్క కూడా రాసి పెట్టుకోవాలి.

రోజుకూలి చేతికి తీసుకునే డెక్ కూలీలకూ, ఆ తీరంలో స్థిరపడి, ఒడ్డునే కొంత సరుకు అమ్ముకునే వియత్నామీ కుటుంబాలకూ ఆ కాగితాలెక్కడివి? వాళ్లకు మూడు దారులన్నది పేరుకే. మన కోనసీమ, కాకినాడ జిల్లాల్లో ఓఎన్జీసీ పైప్‌లైన్ పనుల వల్ల వేట పోయినప్పుడు కుటుంబానికి నెలకు 11,500 రూపాయల చొప్పున ఒకే రేటు కట్టారు. 2022 మేలో 23,458 కుటుంబాలకు నాలుగు నెలల సొమ్ము 46,000 వేశారు. ఎక్కువ సంపాదించే పడవ యజమానికి అది తక్కువే అనిపించవచ్చు. కానీ చేతిలో రసీదు లేని కూలీకి ఏది మేలని అడిగితే, హక్కు వదులుకోమనే షరతు లేకుండా ఇలాంటి నెలవారీ రేటే మేలంటాను.