కలహారిలో పిల్లి కోసం నాలుగు రాత్రులు

కలహారి ఎడారిలోని క్గలగాడి పార్కుకి అందరూ నల్ల జూలు సింహాల కోసం వెళ్తారు. మేం వెళ్ళింది పిల్లి కోసం. దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా తమ పక్కపక్క పార్కుల్ని 2000లో కలిపేసి ఒకటిగా తెరిచిన చోటు ఇది. ఆఫ్రికా అడవి పిల్లిని పగటిపూట చూసే వీలున్న కొద్ది చోట్లలో ఇదొకటి. మా తమ్ముడికి మాత్రం చివరిదాకా అనుమానమే.

దక్షిణాఫ్రికాలోని అపింగ్టన్‌లో విమానం దిగి అద్దె కారు తీసుకున్నాం. అక్కణ్ణించి గేటు దాకా దాదాపు 250 కిలోమీటర్లు, మంచి తారు రోడ్డు. లోపలికి వెళ్ళాక కంకర, ఇసుక, ఒళ్ళు హూనం చేసే గతుకులు. టైర్లలో గాలి కొంచెం తగ్గించుకుంటే నయం. అద్దెకిచ్చిన వాళ్ళు పెట్టిన స్పేర్ టైరులో అసలు గాలే లేదని మాకు రెండోరోజు గానీ తెలియలేదు! కారు తీసుకునేటప్పుడే డిక్కీ తెరిచి చూసుకోండి. లోపల కేటాయించిన చోట్ల తప్ప కారు దిగకూడదు కాబట్టి, ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

మొదటి రాత్రి ట్వీ రివియెరెన్‌లో. గేటు దగ్గరే ఉంటుంది. పెట్రోలు, దుకాణం, రెస్టారెంటు, రోజంతా కరెంటు అన్నీ ఉన్నాయి. ప్రయాణం చేసి అలిసిపోయి దిగేవాళ్ళకి సరిపోతుంది, అంతకుమించి అక్కడ ఉండనక్కర్లేదు. మర్నాడు 160 కిలోమీటర్ల దూరంలోని నోసోబ్‌కి వెళ్ళాం. అక్కడ నీటిగుంట పక్కన చాటుగా కూచుని చూసే గది బాగుంది. నక్కలు, ఒక హైనా కనిపించాయి. పిల్లి కనిపించలేదు.

అసలు బస ఉరికారూస్. ఆవోబ్ అనే ఎండిన ఏటి ఒడ్డున కొయ్యల మీద నిలబెట్టిన నాలుగే నాలుగు గదులు, చుట్టూ కంచె లేదు, దుకాణం లేదు, సోలార్ కరెంటు. తాగే నీళ్ళు, వంట సామాను, కట్టెలు మనమే మోసుకెళ్ళాలి. పన్నెండేళ్ళలోపు పిల్లల్ని రానివ్వరు. నెలల ముందే నిండిపోతుంది. జూన్‌లో రాత్రిపూట చలి సున్నా కిందికి దిగింది, రెండు దుప్పట్లు చాల్లేదు. అయినా మళ్ళీ వెళ్తే నాలుగు రాత్రులూ అక్కడే ఉంటాను.

అక్కడ రెండోరోజు పొద్దున్నే, గదికి కాస్త దూరంలో, కామెల్‌థార్న్ అనే తుమ్మజాతి చెట్టు పంగలో బూడిదరంగు ముద్దలా ఏదో కనిపించింది. బైనాక్యులర్స్ పెడితే పిల్లి.

"దీనికోసమా అక్కా ఇంత దూరం? గోడల మీద తిరిగేది ఇదేగా" అన్నాడు తమ్ముడు.

అది కిందికి దిగాక నోరు మూశాడు. కాళ్ళు అంత పొడుగ్గా ఉంటాయని ఫొటోల్లో తెలియదు. కూచుంటే వెన్ను నిటారుగా, దాదాపు చిరుతలా కూచుంటుంది. చెవుల వెనక ఇటుక రంగు, తోకకి నల్ల కట్లు, చివర నలుపు. ఇసుకలో ఎలుక కన్నం ముందు ఇరవై నిమిషాలు కదలకుండా కూచుంది. తరవాత ఒక్క గెంతు, అంతే. దానికి ముఖ్యమైన తిండి ఎలుకలే. సింహాన్ని వెతుక్కుంటూ మమ్మల్ని దాటిపోయిన మూడు కార్లలో ఒక్కటీ ఆగలేదు.

ఇంటి పిల్లులన్నిటికీ ఇదే అమ్మమ్మ అని వాడు తరవాత అందరికీ చెప్పుకుంటున్నాడు. నిజానికి కలహారి పిల్లి అమ్మమ్మకి చెల్లెలి వరస. దాదాపు వెయ్యి పిల్లుల డీఎన్‌ఏ పోల్చిన 2007 నాటి పరిశోధనలో, మచ్చికైన పిల్లులు పశ్చిమాసియా వైపు అడవి పిల్లుల నుంచి వచ్చాయని తేలింది. దక్షిణాన ఉన్నది అదే జాతిలో వేరే శాఖ. ధాన్యం నిలవ చేసిన చోటికి ఎలుకలు, వాటి వెనక పిల్లులు వచ్చాయి. సైప్రస్‌లో సుమారు 9,500 ఏళ్ళనాటి మనిషి సమాధి పక్కనే ఒక పిల్లిని కూడా పాతిపెట్టారు. ఆ దీవిలో పిల్లులు సహజంగా లేవు, అంటే ఎవరో పడవలో తెచ్చుకున్నారన్నమాట. ఇంకా వెనక్కి వెళ్తే, సింహాలు, పులులతో సహా నేటి పిల్లి కుటుంబం మొత్తం దాదాపు కోటి ఏళ్ళ కిందట ఆసియాలో మొదలైందని జన్యు పరిశోధన అంచనా. ఆఫ్రికా పిల్లి అని మనం అనుకునే దాని పూర్వీకులు కూడా అక్కడికి వలసొచ్చిన వాళ్ళే.

ఇప్పుడు దానికి పెద్ద చిక్కు వేటగాళ్ళు కాదు, ఇంటి పిల్లులు. ఊళ్ళ దగ్గర రెండూ కలిసి పిల్లల్ని కంటే, అసలు రక్తం పలచబడుతుంది. ఊళ్ళకి ఇంత దూరంగా ఉన్న పార్కు విలువ అక్కడే తెలుస్తుంది.

రాత్రి డ్రైవ్ డబ్బులు దండగ కాదు. గైడ్ లైటు వేస్తుంటే పొదల్లో రెండు ఆకుపచ్చ కళ్ళు మెరిశాయి, ఈసారి ముందుగా చెయ్యి చూపించింది మా తమ్ముడే. విదేశీయులకి రోజువారీ పార్కు రుసుము ఎక్కువ, అది లెక్కేసుకోండి. ఇక్కణ్ణించే నమీబియాలోకో బోట్స్‌వానాలోకో దాటాలనుకుంటే పార్కులో కనీసం రెండు రాత్రులు ఉండాలనే నియమం ఉంది. ఆ రెండూ ఆవోబ్ ఒడ్డున పెట్టుకోండి.