తులం బంగారంతో తూచి చూస్తే: గ్రాము లెక్క మేలా, క్వింటాల్ లెక్క మేలా?

2025 ఏప్రిల్‌లో తులం, అంటే పది గ్రాముల, బంగారం లక్ష దాటింది. అదే ఏడు చివరికి కిలో వెండి రెండు లక్షలు దాటింది. అప్పటి నుంచి వరంగల్‌లో ఏ పెళ్లింటికి పోయినా మాటలు తులం దగ్గరే మొదలవుతున్నాయి. వెండి కంటే ఫలానాది ఖరీదట అనే ముచ్చట్లూ పెరిగాయి. వాటిలో కొన్ని నిజమే. అయితే బరువును బట్టి పోల్చడానికి రెండు దారులున్నాయి. దుకాణంలో కొనే చిన్న వస్తువును గ్రాము చొప్పున వెండి, బంగారాల పక్కన పెట్టడం ఒకటి. మార్కెట్ యార్డులో ఎన్ని క్వింటాళ్ల పంట అమ్మితే తులం బంగారం వస్తుందో చూడడం రెండోది. మనకు అక్కరకొచ్చేది రెండోదే అని నేను గట్టిగా నమ్ముతాను.

లెక్క సులువుగా ఉండడానికి బంగారం గ్రాము పది వేలు, వెండి గ్రాము రెండు వందలు అనుకుందాం. అసలు ధర ఏ రోజుకారోజు మారుతూనే ఉంటుంది.

ముందు గ్రాము లెక్క చూద్దాం. మంచి రకం కుంకుమపువ్వు గ్రాము డబ్బీ మూడు నుంచి ఐదు వందల దాకా ఉంటుంది. అంటే వెండిని దాటినట్టే, బంగారానికి మాత్రం ఆమడ దూరం. ఒక్క గ్రాము కోసం దాదాపు 150 పూలు కోసి, ఒక్కో పువ్వులోంచి మూడేసి పోగులు చేత్తో తీయాలి. ఆ పనికి ఆ ధర ఎక్కువేం కాదు. పైగా ఇంట్లో గర్భిణి ఉంటేనో పండగకో కొంటాం, గ్రాము చాలా రోజులు వస్తుంది.

ప్రింటర్ ఇంకు అలా కాదు. చిన్న కార్ట్రిడ్జ్‌లో పది మిల్లీలీటర్లు కూడా ఉండదు, ధర వెయ్యికి దగ్గర. మిల్లీలీటరు ఇంచుమించు గ్రామే కాబట్టి గ్రాము వంద రూపాయలు. 2025 మొదట్లో వెండి కూడా దాదాపు ఆ ధరకే దొరికింది. ట్యాంకు ప్రింటర్‌లో పోసే సీసా ఇంకైతే గ్రాము పది రూపాయల లోపే. పిల్లల ప్రాజెక్టులు నెలనెలా ప్రింట్ తీసే ఇంటికి, ప్రింటర్ మొదటి ధర ఎక్కువైనా, ట్యాంకుదే మేలు. ఏడాదికి నాలుగు కాగితాలు తీసేవాళ్లు జిరాక్స్ సెంటర్‌కు పోతే సరిపోతుంది.

ఇక మిర్చి విత్తనం. ముచ్చట్లలో దీని పేరు రాదు గాని, నా దృష్టిలో ఈ లెక్కంతటికీ కీలకం ఇదే. హైబ్రిడ్ విత్తనం పది గ్రాముల ప్యాకెట్లలో వస్తుంది. రకాన్ని బట్టి ప్యాకెట్ ఐదారు వందల నుంచి వెయ్యి దాకా, గిరాకీ ఉన్న రకమైతే ఇంకా పైన. గ్రాముకు 50 నుంచి 100 అన్నమాట. ఎకరానికి ఎనిమిది, పది ప్యాకెట్లు కావాలి. హైబ్రిడ్ కాయలోని గింజను దాచి మళ్లీ వేస్తే అదే కాపు రాదు, కాబట్టి ఏటా కొనాల్సిందే. కుంకుమపువ్వు లేకపోయినా ఇల్లు గడుస్తుంది. నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు మిర్చి మీదే బతికే కుటుంబానికి విత్తనం లేకపోతే ఆ ఏడాది గడవదు.

అదే విత్తనం కాసి, కల్లంలో ఎండి, వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో కాంటా ఎక్కేసరికి గ్రాము లెక్క పోయి క్వింటాల్ లెక్క వస్తుంది. క్వింటాల్ 15 వేలు పలికితే గ్రాముకు పదిహేను పైసలు. యాభై, వంద రూపాయలకు కొన్న చోటు నుంచి పదిహేను పైసలకు అమ్మే చోటుకు వచ్చేలోపు ఎరువు, పురుగు మందు, కాయ కోత కూలి ఖర్చులన్నీ ఉంటాయి.

చపాటా మిర్చికి ఈ బాధ తక్కువ. టమాటాలా గుండ్రంగా, కారం తక్కువగా, రంగు ఎక్కువగా ఉండే ఈ దేశీ రకానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ రైతే దాచుకోగలడు. దిగుబడి హైబ్రిడ్ అంత రాకపోవచ్చు, మంచి ఏడు ధర మాత్రం బాగా పైకి పోతుంది. పెట్టుబడికి అప్పు తెచ్చే చిన్న రైతు కొంత నేలలోనైనా చపాటా వేసుకోవడం మేలని నాకనిపిస్తుంది.

2022 మార్చిలో ఎనుమాములలో దేశీ మిర్చి క్వింటాల్ 50 వేలు దాటింది. తులం బంగారం కూడా అప్పుడు ఇంచుమించు అంతే. క్వింటాల్ మిర్చికి తులం బంగారం! అయితే అది కొన్ని లాట్లకు పలికిన ధర, యార్డుకు వచ్చిన ప్రతి బస్తాకూ దొరికింది కాదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం క్వింటాల్‌కు 11,781 రూపాయలు ఖరారు చేసింది. అప్పటికే తులం 85 వేలు దాటింది. ఆ ధరకు అమ్మితే తులానికి ఏడు క్వింటాళ్లు పోయాలి. రకాలు వేరు కాబట్టి ఈ రెండింటినీ సూటిగా పోల్చకూడదు గాని, మూడేళ్లలో ఎటు పోయిందో తెలుస్తుంది.

పత్తితో పోలిస్తే ఇంకా స్పష్టం. పొడవు పింజ పత్తికి మద్దతు ధర 2005-06లో 1,980. తులం ఏడు వేల దగ్గర ఉండేది, అంటే మూడున్నర క్వింటాళ్లు. 2015-16లో 4,100, తులం 26 వేల దగ్గర, ఆరు క్వింటాళ్లు దాటింది. 2025-26లో 8,110, తులం లక్ష అనుకున్నా పన్నెండు క్వింటాళ్ల పైనే. మద్దతు ధర నాలుగింతలైంది, అయినా బిడ్డ పెళ్లికి తులం కొనాలంటే మూడింతలకు పైగా పత్తి అమ్మాలి. వర్షం మీదే ఆధారపడ్డ చెల్క నేలల్లో అది ఎకరం పంటకు మించిన సంగతి. ఏ గ్రేడ్ వరి అయితే, అదే ఏడు మద్దతు ధర 2,389 చొప్పున, 42 క్వింటాళ్ల దాకా కావాలి. ఇదంతా బిస్కెట్ బంగారం లెక్క. నగ చేయిస్తే తరుగు, మజూరీ, పన్ను అదనం, 22 క్యారెట్ల నగలో ఉండేది 91.6 శాతం బంగారమే.

బరువుతో కొలవకూడనివీ ఉన్నాయి. కరీంనగర్ వెండి తీగ పనిని తూకం వేసి వెండి ధర కట్టి "ఇంతెందుకు?" అని బేరమాడడం నాకు నచ్చదు. సన్నని తీగను మెలితిప్పి అతికే చేతి పనికే అక్కడ డబ్బు ఇస్తున్నాం. మళ్లీ అమ్మితే తూకానికే ధర కడతారన్న సంగతి తెలిసి కొనుక్కోవాలి, దాచుకోవడానికైతే బిస్కెట్ వెండి మేలు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు బంగారం పేరుతో ఇచ్చే నిలువెత్తు బెల్లం సంగతీ అంతే. అరవై కిలోల మనిషి తూగే బెల్లం, కిలో యాభై చొప్పున, మూడు వేలవుతుంది. అదే బరువు నిజం బంగారమైతే అరవై కోట్లు. మొక్కును ఈ లెక్కలోకి తేవడం నాకు ఇష్టం లేదు.

విత్తనాన్ని మాత్రం తప్పకుండా తేవాలి. నగ కొంటే హాల్‌మార్క్ చూస్తాం, బిల్లు బీరువాలో పెడతాం. మిర్చి విత్తనం కొన్నప్పుడూ లాట్ నంబర్ రాసిన బిల్లు అడిగి తీసుకోవాలి. ఖాళీ ప్యాకెట్లను పంట చేతికొచ్చే దాకా పారేయొద్దు. మొలక రాకపోయినా, కాపు తేడా వచ్చినా వ్యవసాయ అధికారికి చూపించడానికి రైతు చేతిలో ఉండే రుజువు అదే.