రాణిగంజ్ షాపు వాళ్ల ఫస్ట్ ఎయిడ్, ఫైర్ సర్వీస్: కాటా వేసి మరీ చూశారు

బాలానగర్‌లో మాది చిన్న షీట్ మెటల్ వర్క్‌షాప్, మొత్తం 42 మందిమి. ఫస్ట్ ఎయిడ్ బాక్సు, మంటలార్పే సిలిండర్లు చూసుకోమని రాణిగంజ్‌లో ఒక షాపు వాళ్లకు ఏడాది కాంట్రాక్టు ఇచ్చాం. ఎనిమిది నెలలైంది, అందుకే రాస్తున్నా.

ముందు మా బండారం చెప్పాలి. పోయినేడు ఒక కుర్రాడికి రేకు అంచు తగిలి అరచెయ్యి తెగింది. బాక్సేమో గోడకే ఉంది, దానికి తాళం, తాళంచెవి ఉన్నాయన టీకి పోయాడు. చివరికి ఎవరిదో తువ్వాలు చుట్టి ఆటో ఎక్కించాం. సాయంత్రం తెరిస్తే బీటడిన్ డేటు ఎప్పుడో దాటింది, ప్లాస్టర్లు అంటుకోవట్లేదు, దూది పక్కన ఎవరిదో సెల్ ఛార్జర్! 150 మందికి కనీసం ఒక బాక్సు ఉండాలన్న, 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 45వ సెక్షన్ ముక్క మా ఓనరుకి నోటికొచ్చు. చెప్పిన సరుకు తప్ప అందులో ఇంకేదీ పెట్టొద్దని, పనివేళల్లో ఎప్పుడూ అందుబాటులో ఉండే మనిషికి అప్పగించాలని అదే సెక్షన్‌లో ఉన్న సంగతి మాత్రం ఈ షాపు వాళ్లు చెప్పేదాకా ఎవరికీ తెలీదు. వచ్చిన రోజే తాళం తీయించారు, మూత లోపల సరుకుల పట్టీ, డేట్లు రాసి అంటించారు.

నాకు బాగా నచ్చింది కాటా. ప్యానెల్ బోర్డు దగ్గరి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి మీటరు ఉండదు, పాత సర్వీసు వాళ్లు గుడ్డతో తుడిచి ట్యాగ్ మీద తేదీ వేసి పోయేవాళ్లు. ఈ షాపు నుంచి వచ్చిన అబ్బాయి కొక్కెం కాటాకి వేలాడదీసి, దాని మీద గుద్ది ఉన్న ఖాళీ బరువు తీసేసి చూస్తే 4.5 కిలోల గ్యాస్‌కి మూడున్నర కూడా లేదు. పది శాతం తగ్గినా నింపించాల్సిందేనట. పౌడర్ సిలిండర్లలో మీటరు ముల్లు పచ్చలోనే ఉంది కానీ ఒకదానికి హ్యాండిల్ నొక్కుకోకుండా అడ్డంగా ఉండే పిన్ను తుప్పుతో బిగుసుకుపోయి ప్లయరుతో లాగాల్సొచ్చింది.

తర్వాత యార్డులో ట్రేలో డీజిల్ పోసి అంటించి అందరిచేతా ఆర్పించారు. ఇరవై ఏళ్లుగా నిప్పుతోనే బతికే మా వెల్డరన్న హ్యాండిల్ నొక్కి నొక్కి "ఇది పని చెయ్యట్లేదు బాబూ" అన్నాడు. "పిన్ను తియ్యన్నా" అన్నాడా అబ్బాయి. ఆ నవ్వు ఇంకా ఆగలేదు.

లోపాలూ ఉన్నాయి. రీఫిల్‌కని రెండు సిలిండర్లు పట్టుకెళ్లి బదులు ఇవ్వలేదు, మూడు రోజులు టెన్షన్. కళ్లు కడిగే బాటిల్ ఇంకా నాలుగు నెలలే డేటున్నది అంటగట్టారు, అడిగితే మార్చారులెండి. జీఎస్టీ వేరే అని ముందు చెప్పలేదు.

నాలుగు స్టార్లు. ఫోన్ పొద్దున పదిన్నరకి చెయ్యండి, మధ్యాహ్నం ఎత్తరు.