జింక బొమ్మ ఉన్న ఉప్పు ఇటుక: నాలుగు నెలల వాడకం తరువాత

విజయనగరం మూడు లాంతర్ల సమీపంలోని ఒక పశువుల మందుల దుకాణంలో గడచిన మాఘమాసంలో రెండు కిలోల ఖనిజ లవణపు ఇటుకను 260 రూపాయలకు కొన్నాను. గజపతినగరం వైపు మా ఊళ్లో నాకు రెండు ఆవులు, పదకొండు మేకలు ఉన్నాయి. అవి నాకడానికి శాలలో వేలాడదీసే ఇటువంటి ఇటుకలు నాకు కొత్త కాదు. ఈసారి వేరే రకం తీసుకోవడానికి కారణం దాని పొట్లం. చెట్టుకొమ్మల్లా చీలిన కొమ్ములతో ఒక మగ జింక బొమ్మ, దాని కింద ‘ఏటికేడు పెరిగే కొమ్ములకు బలం’ అనే వాక్యం అచ్చు వేశారు. చాలా ఏళ్లు బడిపిల్లలకు జీవశాస్త్రం చెప్పినవాణ్ని కనుక ఆ వాక్యాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోయాను.

సరుకు పనితనం ముందుగా చెబుతాను. ఆవులు రెండో రోజు నుంచే ఇష్టంగా నాకాయి. గోడ సున్నం నాకే చిన్న ఆవు నెల తిరిగేసరికి ఆ అలవాటు మానుకుంది. మేకలు మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. రెండు జల్లులు పడినా పైపొర మెత్తబడిందే తప్ప ఇటుక విరగలేదు. ఇంతవరకు ఫిర్యాదు లేదు.

చిక్కంతా పొట్లం మీది మాటతోనే. మన భాషలో ఆవుకైనా మేకకైనా దుప్పికైనా తల మీద ఉండేది కొమ్మే కాబట్టి, చదివినవారు తమ పశువుకూ అది వర్తిస్తుందనుకుంటారు. మా పక్కింటి కుర్రవాడు బొమ్మ చూసి, “ఏటి మాస్టారూ, మన పోతుకి కూడా అలా కొమ్మలేస్తాయేటి?” అని అడిగాడు కూడా. వేయవు. ఆవు, మేక కొమ్ములు లోపలి ఎముక మీద గోరువంటి పదార్థం తొడుగులా పెరిగేవి, అవి ఏటా రాలవు. మన రాష్ట్ర జంతువైన కృష్ణజింక కూడా, పేరులో జింక ఉన్నా, ఈ కోవకే చెందుతుంది. చుక్కల దుప్పి, కణుజు వంటి అసలైన జింకల కొమ్ములు పూర్తిగా ఎముక. అవి రాలిపోయి, నుదుటి మీది మోడుల నుంచి నూగుచర్మం కప్పుకొని మళ్లీ మొలుస్తాయి. పెద్ద జాతుల్లో ఆ పెరుగుదల రోజుకు 2 సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

పోనీ, జింకల వరకైనా ఆ మాట నిజమా అన్నది తరువాతి ప్రశ్న. వంశ లక్షణం ఒకే జింకలో ఏడాదికీ ఏడాదికీ మారేది కాదు గనుక, నిరుటి కొమ్ములకూ ఈ ఏటి కొమ్ములకూ తేడా వస్తే కారణం వయసులోనో, మేతలోనో, ఒంటి స్థితిలోనో వెతకాలి. బాగా పరిశీలించిన అమెరికా తెల్లతోక జింకల్లో కొమ్ములు సాధారణంగా 5 నుంచి 7 ఏళ్ల మధ్య పతాక స్థాయికి చేరతాయి. అంతకుముందు తిన్న తిండిలో పెద్ద వాటా ఒళ్లు ఎదగడానికే పోతుంది. టెక్సస్‌లోని కెర్ వన్యప్రాణి క్షేత్రంలో 16 శాతం మాంసకృత్తులున్న దాణా తిన్న మగ జింకలకు, 8 శాతం దాణా తిన్నవాటికంటే చెప్పుకోదగ్గంత పెద్ద కొమ్ములు వచ్చాయి. అందుకే పొడి నేలల్లో వానలు బాగా కురిసి పచ్చిక లేతగా ఉన్న సంవత్సరం కొమ్ములూ బాగుంటాయి. మన వైపు తొలకరి ఆలస్యమైన ఏడు మేకల డొక్కలు తేలడం చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఖనిజాలు అక్కరలేదని నేననడం లేదు. గట్టిపడిన కొమ్ములో సుమారు 22 శాతం కాల్షియం, 11 శాతం భాస్వరం ఉంటాయి. తయారీదారు పట్టుకున్నది ఈ సగం నిజాన్నే. కానీ అదే కొమ్ములో మాంసకృత్తులు 45 శాతం వరకు ఉంటాయి, లేత కొమ్ములో అవి ఇంకా ఎక్కువ. పైగా గట్టిపడే రోజుల్లో కావలసిన కాల్షియం అంతా ఆ పూట మేత నుంచి అందదు కాబట్టి జింక తన పక్కటెముకల నుంచి తీసి కొమ్ములకు పంపి, తరువాత మేతతో ఆ లోటు పూడ్చుకుంటుంది. మేత సరిపడా ఉన్నచోట ఉప్పు ఇటుక నాకించినంత మాత్రాన కొమ్ములు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం లేదు. గాయాల ప్రభావం కూడా తక్కువది కాదు: వెనక కాలికి పెద్ద దెబ్బ తగిలితే ఎదుటి వైపు కొమ్ము వంకర తిరగడం జింకల్లో తెలిసిన విషయమే. కొమ్ము గట్టిపడటం, రాలడం మగ హార్మోను హెచ్చుతగ్గులను బట్టి సాగుతాయి. చలి దేశాల్లో ఆ హెచ్చుతగ్గులను పగటి పొడవు నడిపిస్తుంది. మన దుప్పులు అంత కచ్చితంగా ఒకే కాలాన్ని పాటించవు; ఒకే మందలో ఒకదానికి గట్టి కొమ్ములు, మరొకదానికి నూగు కొమ్ములు ఉండటం మామూలే. వీటిలో దేన్నీ ఇటుక మార్చలేదు.

ఇంతకూ ఈ జిల్లాలో ఆ వాక్యం ఎవరికోసం రాశారో నాకు బోధపడలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పినో కణుజునో ఇంటి దగ్గర పెంచుకోవడం కుదరదు కదా!

ఆవుల కోసమైతే ఇటుక కొనవచ్చు. అయితే పెద్ద ఆవుకు రోజుకు 50 గ్రాముల లెక్కన ఖనిజ లవణ మిశ్రమాన్ని తవుడులో కలిపి పెడితే ఎంత లోపలికి వెళ్లిందో మనకు తెలుస్తుంది, పశువు నాకే ఇటుకతో అది తెలియదు. గొర్రెలున్నవారు మాత్రం ఆగాలి. ఆవులకు సరిపోయే రాగి మోతాదు గొర్రెలకు విషం కాగలదు, ఈ పొట్లం మీద రాగి ఎంతుందో ఎక్కడా రాయలేదు. దుకాణదారును అడిగితే కంపెనీకి ఫోన్ చేయమన్నారు. ఆ నంబరులోని చివరి అంకెలు పొట్లం అతుకు కింద పడి కనిపించడం లేదు.