తిరుపతిలో ఒక కౌన్సెలింగ్ కేంద్రం: నాలుగుసార్లు వెళ్లాక

"నువ్వు రెచ్చగొట్టకపోతే నేనెందుకు చేయి చేసుకుంటాను?" అనే మాటను భర్త నోట ఏళ్ల తరబడి విని, చివరకు తప్పంతా తనదేనని నమ్మిన మా చెల్లెలిని చిత్తూరు నుంచి బస్సులో తిరుపతిలోని ఈ కేంద్రానికి తీసుకువెళ్లాను. సలహాదారు ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు అతను చేసిన పనిని, కుడివైపు అతను చెప్పిన కారణాన్ని రాయమన్నారు. "చెంపమీద కొట్టాడు" అన్నదాని పక్కన "సంగటి చల్లారిపోయింది" అని రాసి, చెల్లెలు చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయింది.

హింసించినవాళ్లు తాము చేసింది కాదనడం, ఎదురుదాడికి దిగడం, తానే బాధితుణ్నని చెప్పుకోవడం అనే ఈ వరుసను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెనిఫర్ ఫ్రెయిడ్ 1997లో వివరించారని సలహాదారు చెప్పారు. అతనితో వాదించి గెలవాలని చూడవద్దని, జరిగినదాన్ని తేదీతో సహా రాసి పుట్టింట్లో దాచమని, ప్రమాదమనిపిస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయమని సూచించారు. మానసిక హింస కూడా 2005 నాటి గృహహింస చట్టం కిందికి వస్తుందని మాకు అక్కడే తెలిసింది.

లోపం లేకపోలేదు. మొదటిరోజు పేరు రాసుకున్న ఉద్యోగి "కాస్త సర్దుకుపోవాలమ్మా" అన్నారు; ఇంట్లో విన్న మాటకు అది తోబుట్టువే. లోపలి గదికి తలుపు బదులు కర్టెన్ ఉండటంతో మాటలన్నీ బయటి బెంచీదాకా వినిపిస్తాయి. అయినా అయిదోసారి చెల్లెలు ఒంటరిగానే వెళ్లింది.