వాక్యూమ్ పెన్నా, పిస్టన్ పెన్నా: ఏది మేలు?

హన్మకొండలో రూం తీసుకుని గ్రూప్-1 మెయిన్స్‌కు రోజూ పేపర్ల మీద పేపర్లు రాసేవాళ్లకు కన్వర్టర్ (లోపల తీసి పెట్టుకునే చిన్న ఇంకు గొట్టం) ఉన్న ఇంకు పెన్ను చాలదు. చాలా కన్వర్టర్లలో 1 మిల్లీలీటరు కూడా పట్టదు. ఎక్కువ పట్టేవి కావాలంటే కడ్డీ నొక్కితే ఇంకు ఎక్కే వాక్యూమ్, తోక తిప్పితే ఇంకు పీల్చే పిస్టన్, లేదా డ్రాపర్‌తో పోసుకునే పెన్ను.

డ్రాపర్ పెన్నులో చెడిపోయే భాగమే లేదు. కానీ మన మే నెల ఎండ దానికి పగ. ఇంకు సగానికి దిగాక లోపలి గాలి చేతి వేడికే ఉబ్బి, పాళీ దగ్గర చుక్క కక్కుతుంది. తెల్ల చొక్కా జేబులో మాత్రం వద్దు.

వాక్యూమ్ పెన్ను (పైలట్ కస్టమ్ 823, ట్విస్బీ వ్యాక్ 700ఆర్ లాంటివి) నింపడమే ఒక సరదా. వెనక నాబ్ విప్పి కడ్డీని చివరిదాకా లాగాలి. పాళీని మొత్తం సిరాలో ముంచి కడ్డీని ఒకే ఊపులో నొక్కాలి. లోపల కడ్డీ కొసనున్న వాషర్ ముందుకు పోతుంటే దాని వెనక శూన్యం ఏర్పడుతుంది. కొసన గొట్టం కాస్త వెడల్పు కాగానే వాషర్ పట్టు వదులుతుంది, ఇంకు సర్రున ఎక్కేస్తుంది.

నాబ్ బిగించి ఉంటే ట్యాంకు నుంచి పాళీకి దారి మూసుకుంటుంది. కాజీపేట నుంచి రోజూ రైలెక్కి డ్యూటీకి పోయేవాళ్లకు ఇదే పెద్ద ధీమా. అలాగే బిగించి రాస్తూ పోతే మాత్రం కొన్ని పేజీలకే పాళీ ఎండుతుంది. పెన్ను పాడైందని షాపుకు పరుగెత్తకండి, నాబ్‌ను కొద్దిగా వదులు చేస్తే చాలు.

కడగడం దగ్గర వాక్యూమ్ విసిగిస్తుంది. ఎన్నిసార్లు నొక్కినా వాషర్ వెనక రంగు నీళ్లు మిగులుతాయి. ట్విస్బీ ఎకో లాంటి పిస్టన్ పెన్నయితే తోక తిప్పి నీళ్లు పీల్చి వదలడమే. పైగా ధర తక్కువ. 823కి 14 క్యారెట్ల బంగారు పాళీ కాబట్టి దాని లెక్క వేరు.

బల్ల దగ్గరే కూర్చుని రాసేవాళ్లకు, నీలం నుంచి నలుపుకు మారుతుండేవాళ్లకు నా ఓటు పిస్టన్‌కే. జేబులో తిరగాలి, ఒకటే ఇంకు వాడతామంటే వాక్యూమ్ తీసుకోండి. దాంతోపాటు లోతైన ఇంకు బాటిల్ కూడా కొనండి. సిరా అడుగంటితే పాళీ మునగదు, ఎంత నొక్కినా సగం గాలే ఎక్కుతుంది.